మాజీ సైనికుడు కన్నుమూస్తే ఫ్యామిలీ పెన్షన్ ఎలా పొందాలి: కుటుంబం వేయాల్సిన అడుగులు

మిలిటరీ పెన్షన్ తీసుకుంటున్న మనిషి పోయాక ఆయన భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ నిబంధనల ప్రకారం ఆమెకు దక్కాల్సిన డబ్బు. దాని కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు, ఎవరి చేయీ తడపక్కర్లేదు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లో, గిద్దలూరు చుట్టుపక్కల, సైన్యంలో పనిచేసినవాళ్లు ఎక్కువ కాబట్టి ఏ కాగితం ఎక్కడివ్వాలో చెప్పే మనిషి దొరుకుతాడు. ఊరంతటికీ ఒకే ఒక్క మిలిటరీ ఇల్లు ఉన్నచోట ఆ ఆసరా ఉండదు. ముఖ్యంగా అలాంటి కుటుంబాల కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఫ్యామిలీ పెన్షన్ ఆలస్యమయ్యేది రూల్స్ కఠినంగా ఉండి కాదు. పీపీఓలో (పెన్షన్ మంజూరు చేసిన కాగితంలో) ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, డెత్ సర్టిఫికెట్‌లో మరో పేరు ఉండడం వల్లే ఎక్కువ కేసులు ఆగుతాయి. అందుకే మొదటి అడుగు ఆయన బతికుండగానే వేయాలి.

మొదటి అడుగు: ఆయన ఉండగానే పీపీఓ తీసి చదవండి

పీపీఓ అంటే పెన్షన్ పేమెంట్ ఆర్డర్. సర్వీసు నంబరు, ర్యాంకు, సర్వీసు కాలం, చివరి జీతం, పెన్షన్ మొత్తం, భార్య పేరు, ఆమె పుట్టిన తేదీ, ఆమెకు రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్ రేటు అందులోనే ఉంటాయి. చాలా ఇళ్లలో ఇది బీరువాలో మడతపెట్టి ఉంటుంది, దాన్ని పూర్తిగా చదివినవాళ్లే ఉండరు.

చూడాల్సిన మొదటి విషయం భార్య పేరు. పెళ్లయిన కొత్తలో యూనిట్‌లో రాయించిన పేరే రికార్డులో ఉండిపోతుంది. అక్కడి క్లర్కుకు మన పేర్లు కొత్త. ఇంటిపేరు వదిలేసి ఒట్టి 'లక్ష్మి' అని రాసి ఉండొచ్చు. 'వెంకట సుబ్బమ్మ' కాస్తా 'వెన్కట్ సుబమా' అయి ఉండొచ్చు. ఇంట్లో పిలిచే ముద్దుపేరే రికార్డుకెక్కి ఉండొచ్చు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనుక, బ్యాంకు పుస్తకంలో పొట్టి అక్షరాల్లో ఉంటుంది. మనిషి ఒక్కరే అని మనకు తెలుసు, కంప్యూటర్‌కి తెలియదు.

రెండోది పుట్టిన తేదీ. అప్పట్లో ఉజ్జాయింపుగా చెప్పిన సంవత్సరం పీపీఓలో ఉంటుంది, ఆధార్‌లో జనవరి 1 అని మరో సంవత్సరం ఉంటుంది. ఇప్పుడు చిన్న తేడాగానే కనిపిస్తుంది. కానీ ఆమెకు 80 ఏళ్లు నిండితే పెన్షన్ 20 శాతం పెరుగుతుంది, అప్పుడు ఈ తేదీనే చూస్తారు.

మూడోది, ఎవరి పేరైనా అసలు ఎక్కలేదా అన్నది. మొదటి భార్య చనిపోయాక, రిటైరయ్యాక మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లు రెండో ఆమె పేరు నమోదు చేయించడం మర్చిపోతారు. రిటైర్మెంట్ తర్వాత చట్టబద్ధంగా పెళ్లాడిన భార్యకు కూడా ఫ్యామిలీ పెన్షన్ హక్కు ఉంది. అలాగే మానసిక వైకల్యమో శారీరక వైకల్యమో ఉన్న బిడ్డ ఇంట్లో ఉంటే, ఆ బిడ్డ పేరు మెడికల్ సర్టిఫికెట్‌తో సహా తండ్రి ఉండగానే రికార్డులో ఎక్కించాలి. ఈ ఒక్క పని మాత్రం దయచేసి వాయిదా వేయకండి. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయాక ఆ బిడ్డ తరఫున రికార్డ్ ఆఫీసుతో (ఆయన విభాగం సర్వీసు రికార్డులు ఉండే ఆఫీసు) ఉత్తరాలు నడపడం బంధువులకు చాలా కష్టమవుతుంది.

తప్పు కనిపిస్తే నోటరీ అఫిడవిట్, ఆధార్, పాన్, పెళ్లి లేదా పుట్టిన తేదీ రుజువులు జతచేసి రికార్డ్ ఆఫీసుకు రాయాలి. ఆర్డ్‌నెన్స్ కోర్ (ఆయుధాలు, సామగ్రి సరఫరా చేసే విభాగం), ఈఎంఈ (సైన్యంలో ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల విభాగం) వాళ్ల రికార్డ్ ఆఫీసులు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఆర్టిలరీ వాళ్లది నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్ వాళ్లది వెల్లింగ్టన్, సిగ్నల్స్ వాళ్లది జబల్‌పూర్. నేవీ సెయిలర్లది ముంబై, ఎయిర్‌ఫోర్స్ వాళ్లది ఢిల్లీ సుబ్రతో పార్క్. నేరుగా పంపడం కంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే మంచిది. కవరింగ్ లెటర్ వాళ్లే పెడతారు, ఏ కాగితం తక్కువైందో ముందే చెబుతారు. కొత్త జిల్లాల్లో చాలావాటికి ఈ ఆఫీసు ఇంకా పాత ఉమ్మడి జిల్లా కేంద్రంలోనే ఉంది. బయల్దేరే ముందు కనుక్కోండి. రికార్డ్ మారాక కొత్తగా వచ్చే కరిజెండమ్ పీపీఓను పాత పీపీఓతో కలిపి భద్రపరచండి.

పెన్షన్ ఖాతా భార్యాభర్తల జాయింట్ అకౌంట్‌గా ఉంటే తర్వాత చాలా తిప్పలు తప్పుతాయి. భార్య పేరు మీద విడిగా ఒక మొబైల్ నంబరు, ఆ నంబరుకు ఆధార్ లింకు కూడా ఇప్పుడే చేయించండి.

రెండో అడుగు: మరణం తర్వాత మొదటి కొన్ని వారాలు

మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయిస్తే ఫీజు ఉండదు. పల్లెలో పంచాయతీ కార్యదర్శి, పట్టణంలో మున్సిపాలిటీ చూస్తారు. ఏడాది దాటితే మాత్రం రెవెన్యూ అధికారుల ఉత్తర్వు దాకా వెళ్తుంది, అనవసరమైన టెన్షన్. నమోదు చేయించేటప్పుడు ఆయన పేరు పీపీఓలో ఉన్నట్టే రాయించండి. ఊళ్లో అందరూ పిలిచే పేరు చెప్పేస్తే ఆ సర్టిఫికెట్ మళ్లీ దిద్దించుకోవాల్సి వస్తుంది. కాపీలు నాలుగైదు తీసుకోండి. ఆస్పత్రిలో పోయి ఉంటే చనిపోవడానికి కారణం రాసిన కాగితం, డిశ్చార్జ్ సమ్మరీ, కేసు షీటు కాపీలు తప్పకుండా అడగండి. అవి ఎందుకో నాలుగో అడుగులో చెబుతాను.

డబ్బు విషయంలో ఒక జాగ్రత్త. పెన్షన్ ఆయన చనిపోయిన రోజు వరకు లెక్క. మర్నాటి నుంచి ఫ్యామిలీ పెన్షన్ లెక్క. నెల 10న పోయారు, కబురు అందక నెలాఖరుకి పూర్తి పెన్షన్ పడింది అనుకోండి. 11 నుంచి పడినది వెనక్కి వెళ్లాల్సిన డబ్బు. అది ఖాతాలో పడటం మీ తప్పేమీ కాదు, కానీ ఏటీఎం కార్డుతో తీయకండి. అలాగే ఉంచండి. మరణం సంగతి స్పర్శ్‌కి (మిలిటరీ పెన్షన్ల ఆన్‌లైన్ వ్యవస్థ), బ్యాంకుకి వెంటనే తెలియజేయండి. నెలల తరబడి చెప్పకుండా తీసుకుంటే తర్వాత ఆ మొత్తం ఆమెకు వచ్చే పెన్షన్‌లోంచే కోస్తారు.

మూడో అడుగు: దరఖాస్తు

ఇప్పుడు మిలిటరీ పెన్షన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా వస్తున్నాయి. దాన్ని నడిపేది ప్రయాగ్‌రాజ్‌లోని (పాత పేరు అలహాబాద్) పీసీడీఏ పెన్షన్స్ ఆఫీసు, అంటే రక్షణ శాఖ పెన్షన్ల లెక్కలు చూసే కార్యాలయం. స్పర్శ్ పోర్టల్‌లో పెన్షనర్ మరణం నమోదు చేసి, ఫ్యామిలీ పెన్షన్ కోరవచ్చు. ఇంటర్నెట్ అలవాటు లేకపోతే కామన్ సర్వీస్ సెంటర్‌కో, స్పర్శ్ సేవలు అందించే బ్యాంకు శాఖకో, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికో వెళ్లండి. నా సలహా అడిగితే, మొదటిసారి సంక్షేమ కార్యాలయానికే వెళ్లమంటాను. వితంతు గుర్తింపు కార్డు ఎలాగూ అక్కడే ఇస్తారు, ఒకే ప్రయాణంలో రెండు పనులవుతాయి.

తీసుకెళ్లాల్సినవి: డెత్ సర్టిఫికెట్, ఒరిజినల్ పీపీఓ, ఉంటే కరిజెండమ్ పీపీఓలు, సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఆయనకిచ్చిన డిశ్చార్జ్ బుక్, భార్య ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ లేదా క్యాన్సిల్డ్ చెక్కు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఆధార్‌కి లింకైన మొబైల్ ఫోన్. ఓటీపీ వస్తుంది కాబట్టి ఫోన్ ఆమె చేతిలో ఉండాలి. అబ్బాయి హైదరాబాద్‌లో, ఫోన్ నంబరు అబ్బాయిది అయితే పని అక్కడే ఆగుతుంది.

ఫ్యామిలీ పెన్షన్‌తోపాటే 'లైఫ్ టైమ్ ఎరియర్స్' కూడా అడగండి. అంటే ఆయన బతికున్న రోజు వరకు రావాల్సి ఉండి చేతికందని పెన్షన్, డీఆర్ (ధరలు పెరిగేకొద్దీ పెన్షన్ మీద కలిపే కరువు భృతి) బకాయి, ఓఆర్‌ఓపీ (వన్ ర్యాంక్ వన్ పెన్షన్, అంటే ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నవాళ్లకు ఒకే పెన్షన్) బకాయి. దీనికి ఆయన నామినీగా ఎవరిని రాస్తే వారికి వస్తుంది. ఫ్యామిలీ పెన్షన్‌కి మాత్రం నామినీ ఉండదు. వీలునామాలో ఎవరికి రాసినా చెల్లదు, నిబంధనల్లో ఉన్న వరుస ప్రకారమే వెళ్తుంది.

భార్య కూడా ముందే పోయి, పిల్లలో తల్లిదండ్రులో అడగాల్సి వస్తే రికార్డ్ ఆఫీసు పరిశీలన ఉంటుంది. తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఆదాయ ధ్రువీకరణ పత్రం సిద్ధం చేసుకోండి. ఏ దరఖాస్తు ఇచ్చినా రిఫరెన్స్ నంబరు రాసుకోకుండా ఆ కౌంటరు వదలకండి.

నాలుగో అడుగు: మీకు వచ్చేది ఏ రకం పెన్షన్?

చాలా కుటుంబాలు నష్టపోయేది ఇక్కడే. మూడు రకాలున్నాయి.

రిటైరయ్యాక వయసు మీద పడో, సర్వీసుతో సంబంధం లేని జబ్బుతోనో పోతే సాధారణ ఫ్యామిలీ పెన్షన్. ఆయన చివరగా తీసుకున్న జీతంలో, అంటే బేసిక్ పే, మిలిటరీ సర్వీస్ పే కలిపిన మొత్తంలో, 30 శాతం. నెలకు 9,000 రూపాయలకు తగ్గదు. దాని మీద డీఆర్ అదనం.

సైనిక సర్వీసు వల్ల వచ్చిన లేదా ముదిరిన జబ్బుతోనో గాయంతోనో పోతే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్. ఇది 60 శాతం. యుద్ధంలో, ఉగ్రవాదులతో పోరులో, అలాంటి ఆపరేషన్లలో ప్రాణాలు పోతే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్. ఇది చివరి జీతమంత, అంటే 100 శాతం.

రిటైరైనవాళ్ల కుటుంబాలు రెండో రకాన్ని పట్టించుకోవు. ఆయన డిసెబిలిటీ పెన్షన్ (సర్వీసు వల్ల వచ్చిన జబ్బుకో వైకల్యానికో ఇచ్చేది) తీసుకునేవారా? ఏ జబ్బుకు? ఆ జబ్బుతోనే పోయారా? అయితే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ అడిగే హక్కు మీకుంది. ఆయనతోపాటు డిసెబిలిటీ భాగం ఆగిపోతుంది, అది భార్యకు రాదు. కానీ అదే జబ్బు మరణానికి కారణమని తేలితే 30 శాతం బదులు 60 శాతం వస్తుంది. సాధారణ పెన్షన్ మంజూరైనా సరే, ఈ క్లెయిమ్ విడిగా రికార్డ్ ఆఫీసుకు పంపండి. మెడికల్ అధికారులు చూసి తేలుస్తారు. ఆస్పత్రి కాగితాలు దాచమన్నది ఇందుకే. ఎవరూ పిలిచి ఇవ్వరు, మీరే అడగాలి.

ఐదో అడుగు: లెక్క సరిచూసుకోవడం

ఒక హవల్దార్ గారి చివరి బేసిక్ 40,000, మిలిటరీ సర్వీస్ పే 5,200 అనుకుందాం. కలిపి 45,200. ఆయన పెన్షన్ అందులో సగం, 22,600. భార్యకు సాధారణ రేటు 13,560.

కానీ వెంటనే 13,560కి పడిపోదు. కొన్నాళ్లు 50 శాతం రేటు ఉంటుంది, దీన్ని ఎన్‌హాన్స్‌డ్ రేటు అంటారు. రిటైరైన మనిషి పోతే ఏడేళ్లు, లేదా ఆయన బతికుంటే 67 ఏళ్లు నిండే రోజు, వీటిలో ఏది ముందైతే అంతవరకు. మన హవల్దార్ గారు 58వ ఏట పోతే ఏడేళ్లూ 22,600 వస్తుంది. 62వ ఏట పోతే ఐదేళ్లు. 70లో పోతే మొదటి నెల నుంచే 13,560. సర్వీసులో ఉండగా పోయినవాళ్ల కుటుంబాలకు ఈ ఎక్కువ రేటు పదేళ్లు. ఒకప్పుడు దీనికి ఏడేళ్ల సర్వీసు నిండాలనే షరతు ఉండేది, 2019 అక్టోబరు 1 నుంచి తీసేశారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆయన రిటైరయ్యేటప్పుడు పెన్షన్‌లో సగం కమ్యూటేషన్ చేసుకుని (అంటే ఆ భాగాన్ని ఒకేసారి పెద్ద మొత్తంగా తీసుకుని) ఉంటే నెలనెలా 11,300 కోత పడుతుండేది. ఆ కోత ఆయనతోనే ముగుస్తుంది. భార్య పెన్షన్‌లోంచి ఒక్క రూపాయి కూడా కోయకూడదు. అందుకే ఎన్‌హాన్స్‌డ్ రేటు నడిచే ఏళ్లలో ఆయన చేతికొచ్చిన దానికంటే ఆమెకే ఎక్కువ రావచ్చు. అది పొరపాటు కాదు, కంగారుపడి బ్యాంకు చుట్టూ తిరగకండి.

ఓఆర్‌ఓపీ ఫ్యామిలీ పెన్షనర్లకూ వర్తిస్తుంది. 2014 జులై 1న మొదలై 2019 జులై 1న, 2024 జులై 1న సవరించారు. పాతకాలంలో తక్కువ జీతంతో రిటైరైనవాళ్ల కుటుంబాలకు పై లెక్క కంటే ఈ పట్టికలే ముఖ్యం. ఆయన ర్యాంకు, గ్రూపు (చేసిన పనిని బట్టి సైన్యం ఇచ్చే వర్గం), సర్వీసు ఏళ్లు చూసి పట్టికలో ఉన్న మొత్తం వస్తోందో లేదో పోల్చుకోండి. స్పర్శ్‌కి మారేటప్పుడు ర్యాంకు గానీ గ్రూపు గానీ తప్పుగా ఎక్కితే పెన్షన్ తగ్గిపోతుంది, కాబట్టి ఆ రెండూ ముందు చూడండి.

ఆమెకు 80 నిండితే 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్లకు 100 శాతం అదనం. 13,560 తీసుకునే అమ్మకు 80వ ఏట 2,712 కలుస్తుంది, దాని మీద డీఆర్ కూడా.

ఎవరికి, ఎంతకాలం?

ముందు భార్య, ఆమె జీవితాంతం. సొంత ఉద్యోగం ఉన్నా, సొంత పెన్షన్ ఉన్నా ఇది ఆగదు. మళ్లీ పెళ్లి చేసుకుంటే సాధారణ ఫ్యామిలీ పెన్షన్ ఆగుతుంది. పిల్లల్లేని వితంతువుకు మాత్రం ఇతర ఆదాయం తక్కువగా ఉంటే పెళ్లయ్యాకా కొనసాగుతుంది.

భార్య తర్వాత పిల్లలు. కొడుకుకు 25 ఏళ్లు, పెళ్లి, సంపాదన, వీటిలో ఏది ముందొస్తే అంతవరకు. పెళ్లికాని, భర్త పోయిన, విడాకులైన కూతురికి 25 దాటినా అవకాశముంది, ఆదాయ పరిమితి చూస్తారు. విడాకుల కేసు తల్లి గానీ తండ్రి గానీ బతికుండగా కోర్టులో వేసి ఉండాలి. వైకల్యం ఉన్న బిడ్డకు జీవితాంతం వస్తుంది. వాళ్ల ఇతర ఆదాయం తండ్రి చివరి జీతంలో 30 శాతానికి మించకూడదని 2021లో పరిమితిని సడలించారు. అంతకుముందు ఈ పరిమితి బాగా తక్కువ, అప్పట్లో తిరస్కరించినవాళ్లు మళ్లీ అడగాలి. భార్యా పిల్లలూ లేకపోతే, ఆయన మీదే ఆధారపడ్డ తల్లిదండ్రులు.

మొదటి భార్య ఉండగా చేసుకున్న రెండో పెళ్లి హిందూ వివాహ చట్టం కింద చెల్లదు కాబట్టి రెండో ఆమెకు పెన్షన్ రాదు. ఆమె పిల్లల హక్కు మాత్రం పోదు.

మన దగ్గర మిలిటరీ నుంచి వచ్చాక రైల్వేలో, తపాలా శాఖలో, రాష్ట్ర ప్రభుత్వంలో రెండో ఉద్యోగం చేసినవాళ్లు చాలామంది. ఒకప్పుడు ఏదో ఒక ఫ్యామిలీ పెన్షనే ఎంచుకోవాల్సి వచ్చేది. 2012 సెప్టెంబరు 24 నుంచి రెండూ తీసుకోవచ్చు. అంతకుముందే ఒకటి వదులుకున్న అమ్మలు మీ ఊళ్లో ఉంటే వాళ్లకు ఈ సంగతి చెప్పండి.

పెన్షన్ మొదలయ్యాక

ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. పొలం పనులతో వేలిముద్రలు అరిగిపోయిన అమ్మలకు మిషన్ మీద వేలు పడదు. వాళ్లకు ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ యాప్‌తో ముఖం చూపించి చేసే పద్ధతి తేలిక. అందులో చెల్లించే సంస్థ అన్నచోట బ్యాంకు పేరు కాకుండా 'స్పర్శ్ పీసీడీఏ పెన్షన్స్ అలహాబాద్' ఎంచుకోవాలి. ఇక్కడ బ్యాంకు ఎంచుకుంటే సర్టిఫికెట్ వచ్చినట్టే కనిపిస్తుంది, పెన్షన్ మాత్రం ఆగుతుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పిల్లల దగ్గర ఉన్నవాళ్లు భారత కాన్సులేట్‌లో సంతకం చేయించిన సర్టిఫికెట్ పంపొచ్చు.

ఆదాయపు పన్ను లెక్కలో ఫ్యామిలీ పెన్షన్ 'ఇతర ఆదాయం' కిందకు వస్తుంది. అందులో మూడో వంతు, లేదా కొత్త విధానంలో 25,000, పాత విధానంలో 15,000, ఏది తక్కువైతే అది మినహాయింపు. ఆపరేషనల్ డ్యూటీలో అమరులైనవారి కుటుంబ పెన్షన్‌కి అసలు పన్ను లేదు. తెలియక కడుతున్నవాళ్లున్నారు, ఆడిటర్‌కి పీపీఓ చూపించండి.

పెన్షన్ కాకుండా అడగాల్సినవి

ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఆయనతో పోదు. మరణం నమోదు చేయించి భార్య పేరిట కార్డు మార్పించుకుంటే సికింద్రాబాద్, విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు లాంటి చోట్ల ఉన్న పాలీక్లినిక్‌లలో వైద్యం కొనసాగుతుంది. వీలైనంత త్వరగా చేయించండి, జ్వరమొచ్చినప్పుడు చూద్దాంలే అనుకుంటే ఆ రోజు కార్డు పనిచేయదు. క్యాంటీన్ కార్డు కూడా మార్పించుకోవాలి.

ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ వాళ్లు రిటైర్మెంట్ తర్వాత కొన్నేళ్లు బీమా కొనసాగిస్తారు. దాని సర్టిఫికెట్ డిశ్చార్జ్ కాగితాల్లో ఉంటుంది, వెతకండి. నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కి వేరే సంస్థలున్నాయి. ప్రమాదంలో పోయి ఉంటే బ్యాంకును తప్పకుండా అడగాలి. డిఫెన్స్ శాలరీ ప్యాకేజీ ఖాతాల్లో పెన్షనర్లకు కూడా ప్రమాద బీమా ఉంటుంది, క్లెయిమ్‌కి గడువు ఉంటుంది. ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు కాపీలు జాగ్రత్త.

హవల్దార్ ర్యాంకు వరకు ఉన్నవారి కుటుంబాలకు కేంద్రీయ సైనిక్ బోర్డు సాయం ఉంది. 2025 నవంబరు నుంచి ఈ మొత్తాలు రెట్టింపయ్యాయి. ఇద్దరు పిల్లల దాకా చదువుకు నెలకు 2,000, ఇద్దరు కూతుళ్ల దాకా పెళ్లికి లక్ష చొప్పున. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకున్నా ఆ లక్ష ఉంది. పెన్షన్ రాని మాజీ సైనికులకు, వాళ్ల వితంతువులకు 65 ఏళ్లు దాటితే నెలకు 8,000. పెన్షన్ లేదు కాబట్టి మాకేమీ రాదనుకునే కుటుంబాలు ఈ చివరిది తప్పక చూడాలి. ఇంజనీరింగ్, మెడిసిన్ లాంటి కోర్సులకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ అమ్మాయిలకు నెలకు 3,000, అబ్బాయిలకు 2,500. దరఖాస్తులు ఆన్‌లైన్‌లో, పరిశీలన జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో.

ఆగిపోతే

ముందు స్పర్శ్‌లోనే ఫిర్యాదు నమోదు చేయండి, టోల్ ఫ్రీ నంబరు 1800 180 5325. కదలిక లేకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో పెట్టండి. రాసేటప్పుడు గోడు కంటే వివరాలు ముఖ్యం: సర్వీసు నంబరు, ర్యాంకు, పీపీఓ నంబరు, మరణించిన తేదీ, దరఖాస్తు తేదీ, రిఫరెన్స్ నంబరు, రావాల్సింది ఎంత, వస్తున్నది ఎంత. రక్షణ శాఖ పెన్షన్ అదాలత్‌లు అప్పుడప్పుడు పెడుతుంది, తేదీలు సంక్షేమ కార్యాలయంలో తెలుస్తాయి.

స్పర్శ్ ఆఫీసు నుంచి అని ఫోన్ చేసి ఓటీపీ అడిగితే అది మోసం. డబ్బిస్తే త్వరగా చేయిస్తామనే మధ్యవర్తులకు ఒరిజినల్ పీపీఓ ఇవ్వకండి, జిరాక్సే ఇవ్వండి.

స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ తిరస్కరిస్తే, ఆ ఉత్తరంలో కారణం, అప్పీలు గడువు రాసి ఉంటాయి. గడువులోగా అప్పీలు వేయండి. అక్కడా కాదంటే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచ్ కిందకు వస్తాయి. అక్కడ ప్రధానంగా చూసేది మెడికల్ బోర్డు కాగితాలు, ఆస్పత్రి రికార్డులు. అవి ఒక ఫైల్‌లో తేదీల వరుసలో పెట్టుకుని లాయరు దగ్గరకు వెళ్లండి.